లస్మవ్వ బాయిలో తప్పు

భూగర్భ శాస్త్రం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. నిజామాబాదు జిల్లాలో ఇన్నేళ్ళు తిరిగారు కదా, మాకు పనికొచ్చే సంగతులు ఏమైనా రాసివ్వండి అన్నారు. రాసిస్తే భయపడి వేరే ఉద్యోగం వెతుక్కుంటారేమో అన్నాను. నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరి బదిలీ ఎవరి పైరవీతో ఆగింది అనే కబుర్లు ఇందులో ఉండవు. అవి చెప్పేవాళ్ళు ప్రతి టీకొట్టు దగ్గరా దొరుకుతారు. నేను చెప్పేది చాలావరకు ఒక్క మాట గురించి. మన వృత్తిలో పూటకు పదిసార్లు నోట్లోంచి వచ్చే మాటే. ఆ మాట వల్ల ఒక మనిషి బతుకు ఆగమైపోయింది. అందులో నా పాపమెంత, పుణ్యమెంత అని తూచుకోవడానికి కాదు రాస్తున్నది. ఇలాంటిది మీకూ జరుగుతుంది, అప్పుడు మీ చదువు మీకు అక్కరకు రాదు అని చెప్పడానికి.

మా పని

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో నేను ఉద్యోగంలో చేరాను. మాది ధర్పల్లి దగ్గర పల్లె. చిన్నప్పుడు ఉర్దూలో చదివి, కాలేజీకి వచ్చాక ఇంగ్లీషులో పడి, శాస్త్రమంతా ఆ భాషలోనే మింగాను. నిజామాబాదులో మా ఆఫీసంటే రెండు గదులు, మూలమూలనా రాళ్ళు నింపిన గోనె సంచులు, ఒక జీపు. ఆ జీపు తిరిగిన రోజులకన్నా పడుకున్న రోజులే ఎక్కువ.

మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా అడిగేది ఒకటే. "సారూ, నీళ్ళు యాడ పడ్తయి?" తక్కినదేదీ ఎవరికీ అక్కర్లేదు. అందుకు వాళ్ళను తప్పుపట్టను. నిజామాబాదు చుట్టూ గ్రానైటు గుట్టలు, బోధన్ దాటి పడమటికి పోతే నల్లరేగడి. ఆ నల్లరేగడి ఒకప్పుడు భూమి చీలి పొంగి పారిన లావా రాయి అరిగి అయిన మట్టి. ఒకసారి చెరుకు చేను గట్టు మీద కూర్చొని ఈ సంగతి ఒక రైతుకు ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "గట్లనా సారూ? గంత వేడి గిట్లనే ఉండి ఉంటె మాకు చక్కెర ఫ్యాక్టరీ ఎందుకు, చేన్లనే బెల్లమైతుండె" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో నాకు నవ్వు తొందరగానే వచ్చేది.

పెద్దసారు

మా పై అధికారి ఉత్తరాదివాడు. పేరెందుకు, మేం పెద్దసారు అనేవాళ్ళం. రాయిని చదవడం నాకు నేర్పింది ఆయనే. ఎండలో గుట్టెక్కించి, పగిలిన బండ ముందు నిలబెట్టి, "చేతులు జేబులో పెట్టుకొని ముందు చూడు, సుత్తి తర్వాత" అనేవారు. ఆ ఒక్క పాఠానికి ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. మనుషులతో మాత్రం ఆయనకు పొసగదు. ఊళ్ళో జనం మూగితే రాయికి అడ్డం వచ్చారని విసుక్కునేవారు. తెలుగు ఒక్క ముక్క నేర్చుకోలేదు, నేర్చుకోవాలని అనుకోనూ లేదు.

దక్కను గడ్డ కదలదని ఆయన గట్టి నమ్మకం. మేమూ అదే చదువుకున్నాం. భూకంపాలు హిమాలయాలకు, అగ్నిపర్వతాలు ఎక్కడో సముద్రాల్లో దీవులకు, మనకు మాత్రం ఎండ. సముద్రాల అడుగు విచ్చుకుంటోందని, ఖండాలు పెద్ద పెద్ద పలకల మీద కదులుతున్నాయని విదేశీ పత్రికల్లో వస్తుంటే, పెద్దసారు ఆ పత్రికను వేలితో ఇటు తోసి "కవిత్వం" అనేవారు. పక్క రాష్ట్రంలో ఆనకట్ట దగ్గర భూకంపం వచ్చి ఊళ్ళు కూలాక ఆ మాట అనడం తగ్గించారు. మన కాళ్ళ కింది నేల గోళ్ళు పెరిగినంత మెల్లగా ఉత్తరానికి జరుగుతోందని, ఆ ఒత్తిడి లోపలి పాత పగుళ్ళ మీద పడుతుందని ఇప్పుడు మీరు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. మాకు అది సగం చాటుగా తెలిసింది.

నేల లోపల రాయి విరిగి, ఆ విరుపు వెంట ఒక పక్క జారితే దాన్ని ఇంగ్లీషులో ఫాల్ట్ అంటారు. తెలుగు పుస్తకాల్లో భ్రంశం అని రాశారు. ఆ మాట రైతు నోట కాదు కదా, మా ఆఫీసులో ఎవరి నోటా నేను వినలేదు. మాకు ఫాల్ట్ అంటే ఫాల్టే. ఇంగ్లీషు కొద్దిగా వచ్చినవాడు ఎవడైనా సరే ఆ మాటకు ఏ అర్థం చెప్తాడో మేమెవరమూ ఆలోచించలేదు.

ఉరిమిన ఊరు

వానలు విపరీతంగా పడ్డ ఒక ఏడాది, వానాకాలం వెనకబట్టాక, వర్ని దాటి కొంత దూరంలో ఒక ఊరు ఉరుముతోందని కబురొచ్చింది. ఊరి పేరు రాయను. నిజాంసాగర్ కాలువ నీళ్ళు ఎక్కని ఎత్తు మీద ఉంటుంది, అంతవరకు చాలు. నేల లోపల తూటా పేలినట్టు చప్పుడు, వెంటనే కాళ్ళ కింద ఒక కుదుపు. అటక మీది కుండలు పడ్డాయి. పటేల్ ఇంటి గోడ కూలి ఆయన కోడలి కాలు విరిగింది. జనం ఇళ్ళల్లో పడుకోవడం మానేసి కళ్ళాల్లో పడుకుంటున్నారు.

వాననీళ్ళు లోతుకు ఇంకి పాత పగుళ్ళలో చేరితే ఒక్కోసారి ఇలా చిన్న చిన్న కుదుపులు వరసగా వచ్చి, కొన్నాళ్ళకు వాటంతట అవే సద్దుమణుగుతాయి. ప్రభుత్వం మమ్మల్ని పంపింది ఊరి కోసం కాదు. నిజాంసాగర్ ప్రాజెక్టు కట్టకు ప్రమాదం ఉందా లేదా చూసి రమ్మంది.

పగులు ఎటు పోతోందో చూడాలంటే రాయి కనబడాలి. ఊరి చివర ఒక బావి, మా వైపు మాటలో బాయి, చాలా లోతుగా రాతిలోకి తవ్వి ఉంది. అది లస్మవ్వ, గంగారాం అనే మొగుడూపెళ్ళాలది. బాయి పక్కనే వాళ్ళ పసుపు చేను, ఆకు ఏపుగా లేచి ఉంది. లస్మవ్వకు అది మారుమనువు. మొదటి మొగుణ్ణి వదిలి గంగారాంతో వచ్చేసింది. కులపెద్దల ముందు కూర్చొని, తప్పు కట్టి, కల్లు పోసి, అందరూ తాగి ఒప్పుకున్న పెళ్ళే. మా వైపు కులకట్టు దాటినవాళ్ళ మీద వేసే జరిమానాను కూడా తప్పు అనే అంటారు. అది కడితే వ్యవహారం తెగిపోయినట్టు. మనుషుల మనసుల్లో తెగిందా అంటే, అది వేరే.

ఆమె మాకు చల్ల పోసి, బాయి చూపించి గర్వంగా చెప్పింది.

"సర్కారు బాయి కాదు సారూ. మా ఇద్దరి చేతుల తవ్వకం. మొన్న ఎండకాలం ఊర్లున్న బాయిలన్ని ఎండినయి. దీన్ల నీళ్ళు తగ్గలే. నన్ను జూస్తె మొకం తిప్పుకునేటోళ్ళు గూడ బిందె పట్టుకొని వచ్చిండ్రు. 'లస్మవ్వా, జర నీళ్ళు' అన్నరు. గప్పుడు అనిపిచ్చింది, ఇగ ఈ ఊరు నాదే అని."

ఆ ఊళ్ళో ఆమెకున్న చోటల్లా ఆ బాయే.

బాయి అడుగున

మోకు కట్టుకొని నేను దిగాను. పైన ఒడ్డున పెద్దసారు, పట్వారి, పటేల్, వాళ్ళ వెనక ఊరంతా. పొద్దున్నే ఒక కుదుపు వచ్చి ఉంది కాబట్టి ఎవరి మొహంలోనూ నెత్తురు లేదు. నీటికి కాస్త పైన, రాతిలో, నలిగిన పిండిలాంటి మట్టి నింపుకొని ఏటవాలుగా పగులు కనబడింది. అటు రాయికి ఇటు రాయికి పొంతన లేదు. చదువుకున్నది కళ్ళముందు కనబడితే ఎంత సంబరమో మీకూ తెలుస్తుంది. పెద్దసారు పైనుంచి ఇంగ్లీషులో అరిచారు, ఫాల్ట్ ఉందా అని. ఉంది సార్, ఇక్కడే ఉంది, చాలా పాతది, పైకి కనబడకుండా లోపల దాగి ఉంది అని నేనూ ఇంగ్లీషులోనే అరిచాను.

పటేల్ పట్వారి వైపు చూశాడు. పట్వారికి ఉర్దూ బ్రహ్మాండంగా వచ్చు. ఇంగ్లీషు రాదనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. గొంతు సవరించుకొని అందరికీ వినబడేలా చెప్పాడు.

"సాబు అనేదేందంటె, తప్పు గీడనే ఉన్నదట. లస్మవ్వ బాయిల. కొత్తది కాదట, పాత తప్పట. లోపట దాసిపెట్టి ఉన్నదట."

ఆ మాటలు బాయిలోకి స్పష్టంగా దిగి నాకు వినబడ్డాయి. "తప్పు కాదు పట్వారి సాబూ, పగులు, పగులు!" అని శక్తికొద్దీ అరిచాను. బాయిలోంచి అరిస్తే మాట మీద మాట పడుతుంది. పైవాళ్ళకు వినబడింది తప్పు, తప్పు అనేనట. ఆ సంగతి తర్వాత గంగారాం చెప్పాడు.

నేను పైకి వచ్చేసరికి లస్మవ్వ చల్ల చెంబు పట్టుకొని నిలబడి ఉంది. మిగతా జనానికి పోయబోతోంది. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

నేను అక్కడే నిలబడి ఫాల్ట్ అంటే తప్పు కాదని చెప్పబోయాను. పట్వారి నా భుజం మీద చెయ్యేసి, "మీరు చిన్నోళ్ళు, పెద్దసాబు నోటెంట వచ్చినంక మీరెందుకు దాపెడ్తరు?" అన్నాడు. జీపులో పెద్దసారుకు జరిగిందంతా చెప్పి, వెనక్కి వెళ్ళి ఒక్క మాట చెప్పండి సార్ అని బతిమాలాను. ఆయన కిటికీలోంచి గుట్టలు చూస్తూ, జనం దేన్ని ఏమని పిలుస్తారన్నది మన శాఖ పని కాదు అన్నారు. ఎన్ని ఏళ్ళు గడిచినా ఆ మాటను ఆయన పాండిత్యం చూసైనా మన్నించలేకపోతున్నాను.

చెప్పి చూశాను

కొన్ని రోజులకు లస్మవ్వ, గంగారాం నిజామాబాదు ఆఫీసుకు వచ్చారు. ఊళ్ళో వాళ్ళకు చాకలి, మంగలి బందు చేశారట. ఆమె బాయికి ఎవరూ రావడం లేదు, ఆమెను ఎవరి వాకిట్లోకీ రానివ్వడం లేదు. కుదుపు వచ్చినప్పుడల్లా జనం వాళ్ళ ఇంటి వైపే చూస్తున్నారట.

"నా తప్పేందో నువ్వన్న జెప్పు సారూ," అంది. "మనువు తప్పు ఎన్నడో కట్టినం. అది తెగింది. ఇంకేమన్న ఉంటె జెప్పు, అది గూడ కడ్త. ఏందో ఎర్కలేకుంటె ఎట్ల కట్టాలె?"

నేను ఆమెకు చెప్పాను. రాయి విరిగిన గీతకు ఇంగ్లీషోళ్ళు పెట్టుకున్న పేరది, నీకూ దానికీ సంబంధం లేదు అక్కా అన్నాను. ఆమె చాలాసేపు విని, "గా మాట ఊర్లకొచ్చి జెప్తవా?" అంది. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను.

చావడిలో అందరూ కూర్చున్నారు. ఒక బెల్లం ముద్ద తెప్పించి, విరిచి, రెండు ముక్కల్ని ఆనించి ఒకదాన్ని జరిపి చూపించాను. ఇదే ఫాల్ట్, ఇంతే, దీనికి మంచీ లేదు, చెడూ లేదు అన్నాను. కొందరు తల ఊపారు. ఇంకాస్తలో గట్టెక్కుతుందనిపించింది. పటేల్ చెడ్డమనిషి కాదు. కోడలు కాలు కట్టుతో మంచంలో ఉంది, మనిషి నిద్రలేక వాడిపోయి ఉన్నాడు. ఆయన నెమ్మదిగా అడిగాడు.

"మరి గా పగులు బాయి కాడనే ఆగుతదా సారూ?"

అబద్ధం చెప్పి ఉండవలసిందని నా భార్య బతికినన్నాళ్ళూ అంటూనే ఉండేది. నాకు నోరు రాలేదు. ఆగదు, చావడి కింద నుంచి, మీ ఇంటి కింద నుంచి పోతుంది, పొరుగూరు దాకా ఉంది అన్నాను.

పటేల్ తన ఇంటి వైపు తిరిగి చూశాడు.

"అంటె," అన్నాడు పటేల్, "లస్మవ్వ ఇంటి తప్పు మా ఇండ్లల్లకు గూడ పాకిందంటవు."

కాదని నేను మొత్తుకుంటుండగానే వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. "సారూ, మీది ధర్పల్లి దిక్కు అన్నరు కద? గా లస్మవ్వ తల్లిగారిల్లు గూడ గా దిక్కే. మీకేమన్న సుట్టమా?"

ఆ ఒక్క ప్రశ్నతో బెల్లం ముద్దా పోయింది, నా శాస్త్రమూ పోయింది. చుట్టం కాదని ఒట్టేసినా ఎవరూ వినలేదు. నా యాస వాళ్ళ యాసే అయినందుకు వాళ్ళలో ఒకడిగా నమ్ముతారని నేను ఆశపడి వెళ్ళాను. ఆ యాసే నా మీద సాక్ష్యం చెప్పింది. తప్పు ఇంకా పాకకముందే బాయి పూడ్చాలని ఆ పూటే తీర్మానం చేశారు.

తిరిగొచ్చి పెద్దసారు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ప్రాజెక్టు కట్టకు ప్రమాదం లేదని రిపోర్టు పంపేశాం, ఇక ఆ ఊరితో మనకు పనేమిటి అన్నారు. తహసీలు ఆఫీసుకు వెళితే, ఊళ్ళో అందరూ ఒక్కటై చేసే పనికి మేం అడ్డం పోము అన్నారు.

పూడ్చడం

ఊరి బండ్లన్నీ రాళ్ళూ మొరమూ మోశాయి. నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, ఇంట్లో కూర్చోలేకపోయాను. మొదటి గంప లస్మవ్వ చేతనే పోయించారు. తప్పు ఉన్నవాళ్ళు పోస్తేనే తెగుతుందట. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. గంప నెత్తి మీద నుంచి దించి ఒడ్డున పెట్టి, అడుగున నీళ్ళను ఒకసారి చూసి వంచేసింది. గంగారాం చేను వైపు తిరిగి నిలబడ్డాడు. పసుపు తవ్వడానికి ఇంకా నెలలు ఉన్నాయి, నీళ్ళు లేకుండా అది నిలవదని ఆయనకు తెలుసు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చలి మొదలయ్యేసరికి కుదుపులు తగ్గిపోయాయి. కొన్నాళ్ళకు పూర్తిగా ఆగాయి. ఆగుతాయని నాకు తెలుసు. బాయి పూడ్చకపోయినా ఆగేవి. ఆ మాట ఇక ఎవరితో అనను? వాళ్ళు కళ్ళారా చూసింది ఒకటే: తప్పు పూడ్చారు, భూమి ఊరుకుంది.

ఒకరోజు పటేల్ బండి కట్టుకొని మా ఆఫీసుకు వచ్చాడు. కొబ్బరికాయ, ఒక బస్తా బియ్యం దింపించి నాకు రెండు చేతులా దండం పెట్టాడు.

"సారూ, మీరు తప్పు సూపెట్టిండ్రు, మేం పూడ్చినం. మా పిల్లజెల్ల బతికిండ్రు. మొన్న చావడిల ఒక మాట అన్నం, మనసుల పెట్టుకోకుండ్రి."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగా తిరిగాయి. బియ్యం తీసుకోలేదు. తీసుకోకపోతే నేను ఇంకా గొప్పవాడినని చెప్పుకుంటూ వెళ్ళాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా శాస్త్రానికి జనం చేసిన సన్మానం అదొక్కటే.

పిల్లలూ, మీరు కొత్త సిద్ధాంతాలు చదువుకొని వస్తున్నారు. పలకలు కదులుతాయని మీకు అనుమానం లేదు. కదులుతాయని చివరికి పెద్దసారు కూడా ఒప్పుకొనే రిటైరయ్యారు. ఊళ్ళోకి వెళ్ళేముందు మాటలు జాగ్రత్త అని మీకు చెప్పవచ్చు. చెప్పను, ఎందుకంటే మాట సరిచేయడానికి పోయిన రోజే అది మరింత చెడింది. మీకు నేనివ్వగల సలహా ఏమీ లేదు. అడిగారు కాబట్టి జరిగింది చెప్పాను.

బోధన్‌లో

ఆ తర్వాత కొన్నేళ్ళకు, చెరుకు గానుగాడే కాలంలో, పనిమీద బోధన్ వెళ్ళాను. చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారు తీరి ఉన్నాయి. ఒక బండి దగ్గర ఎద్దుల పగ్గం పట్టుకొని నిలబడ్డ ఆడమనిషి "సారూ" అంది. గుర్తుపట్టింది ఆమే. మనిషి సగమైంది. బండి ఆమెది కాదు, కూలికి చెరుకు కొట్టి తోలుకొచ్చింది.

"బాగున్నరా సారూ? పిల్లలు బాగున్నరా?"

గంగారాం ఎలా ఉన్నాడని అడిగాను. నడుము పడిపోయింది, గుడిసెలోనే ఉంటున్నాడు అంది. చేను పటేల్ మనుషులకే ఇచ్చేసి ఊరొదిలారు. ఎక్కడా రెండు పంటల కాలం నిలకడగా ఉండలేదట. వెళ్ళిన ప్రతిచోటికీ ఆ మాట ఎవరో ఒకరు మోసుకొచ్చారు.

కాసేపు ఎద్దు మెడ నిమిరి, గొంతు తగ్గించి అడిగింది.

"ఒక్కటడుగుత, నిజం జెప్పు. గా తప్పు ఇంక ఆడనే ఉన్నదా? నాతోని వచ్చిందా?"

"నీతోని రాలేదు అక్కా," అన్నాను. "ఆడనే ఉన్నది. నువ్వు పుట్టకముందు నుంచి ఉన్నది. మనమందరం పోయినంక గూడ ఉంటది."

ఆమె మొహంలో ఏదో వదులైంది. తలెత్తి నన్ను చూసింది.

"మరి నా బాయి ఎందుకు పూడిపిచ్చిండ్రు సారూ?"

ముందు బండ్లు కదిలాయి. వెనకవాళ్ళు కేకలేస్తున్నారు. ఆమె పగ్గం లాగి ఎద్దుల్ని అదిలించింది. బండి నా ముందు నుంచి పోతుంటే జవాబు కోసం ఒకసారి వెనక్కి తిరిగింది. నేను చెయ్యి మాత్రం ఎత్తాను. పోయిరమ్మంటున్నానని అనుకున్నట్టుంది, ఆమె కూడా చెయ్యి ఎత్తింది.